పాత సర్వర్లలో ప్రోగ్రాం ఆగిపోతుంటే ఒక్కో యంత్రానికి ఒక్కో బిల్డ్ చేయాలా?

మీ ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసిన సీ++ ప్రోగ్రాం ఒక సర్వర్‌లో ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని, ఇంకో దానిలో ‘జీలిబ్‌సీ 2.34 దొరకలేదు’ అని ఆగిపోతోందన్నారు. ప్రతిచోటా విడిగా కంపైల్ చేసుకోవాలా అని అడిగారు. అక్కర్లేదు. కానీ ముందు ఈ రెండు సమస్యలను విడదీయండి. మొదటిది ప్రాసెసర్‌ది: తనకు తెలియని ఆదేశం (ఇన్‌స్ట్రక్షన్) ఎదురైందని అది చెబుతోంది. రెండోది లైబ్రరీది: లినక్స్‌లో చాలా ప్రోగ్రాంలు ఆధారపడే మూల సీ లైబ్రరీయే జీలిబ్‌సీ, మీ ప్రోగ్రాం అడిగిన వెర్షన్ ఆ సర్వర్‌లో లేదు. రెండింటికీ కలిపి ఒకే మందు వేయబోయి నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను.

నేను చూసుకునే క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల సమూహంలో) కంపైల్ చేసే యంత్రం కొత్తది, లెక్కలు చేసేవి పాత హాస్వెల్ తరం ఇంటెల్ జియాన్ ప్రాసెసర్లు. బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్‌లో ‘-మార్చ్=నేటివ్’ ఉండేది. కంపైల్ జరిగే యంత్రానికి తెలిసిన ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడుకోవచ్చని కంపైలర్‌కు చెప్పడమే అది. దాన్ని తీసి ‘ఎక్స్86-64-వీ3’ పెట్టాను. జీసీసీ కంపైలర్ 11వ వెర్షన్ నుంచి ఈ పేరు చెల్లుతుంది, ఇది హాస్వెల్‌కు తెలిసిన ఏవీఎక్స్2 (ఒకేసారి చాలా సంఖ్యలపై లెక్క చేసే ఇన్‌స్ట్రక్షన్లు) దాటి వెళ్లదు. ప్రోగ్రాం చక్కగా మొదలైంది. ఆరు గంటలు నడిచి, సరిగ్గా అదే సందేశంతో మళ్లీ ఆగింది.

అప్పుడు ఊహలు మాని జీడీబీ అనే డీబగ్గర్‌లో ఆగిన చోటి ఇన్‌స్ట్రక్షన్ చూశాను. అందులో జెడ్‌ఎంఎం రిజిస్టర్ ఉంది, అంటే హాస్వెల్‌లో లేని ఏవీఎక్స్-512. అది మా కోడ్‌లోది కాదు, మాత్రికల లెక్కలు చేసే ఓపెన్‌బ్లాస్ లైబ్రరీలోది! దాన్ని కూడా ఆ కొత్త యంత్రంలోనే బిల్డ్ చేశాం. ఏమీ చెప్పకపోతే అది తాను బిల్డ్ అవుతున్న ప్రాసెసర్‌ను గుర్తించి దానికే తయారవుతుంది. పెద్ద మాత్రికల లెక్క చివరి దశలో వస్తుంది కాబట్టి అంతవరకూ బయటపడలేదు. ‘డైనమిక్_ఆర్చ్=1’ అని ఇచ్చి మళ్లీ బిల్డ్ చేస్తే, నడిచే యంత్రాన్ని చూసి తగిన కోడ్‌ను అదే ఎంచుకుంటుంది. మీరు కూడా సొంత కోడ్‌తో ఆగకండి, చేత్తో బిల్డ్ చేసుకున్న ప్రతి లైబ్రరీనీ అనుమానించండి. వేగం నిజంగా అవసరమైన ఫంక్షన్లు మీ కోడ్‌లో రెండో మూడో ఉంటే జీసీసీలోని ‘టార్గెట్_క్లోన్స్’ (ఒకే ఫంక్షన్‌కు వేర్వేరు ప్రాసెసర్లకు తగిన నకళ్లు తయారుచేసేది) వాటికి సరిపోతుంది.

ఇక జీలిబ్‌సీ. పాత జీలిబ్‌సీతో కట్టిన ప్రోగ్రాం కొత్త దానిపై నడుస్తుంది, కొత్తదానితో కట్టినది పాతదానిపై నడుస్తుందన్న హామీ లేదు. 2021లో వచ్చిన 2.34లో థ్రెడ్‌లను నడిపే పీథ్రెడ్ లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రాంను మొదలుపెట్టే సింబల్‌కే (ఫంక్షన్ పేరుకే) కొత్త వెర్షన్ ఇచ్చారు. అందుకే 2.34తో గానీ తర్వాతి దానితో గానీ కడితే, ఒక్క వాక్యం ముద్రించే ప్రోగ్రాం కూడా కనీసం 2.34ను అడుగుతుంది. మీ కోడ్‌లో తప్పేమీ లేదు.

దయచేసి కొత్త యంత్రంలోని లిబ్‌సీ ఫైలును పాత దానిలోకి కాపీ చేయకండి. అలా చేసిన సర్వర్‌లో ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్’ కమాండ్ కూడా పనిచేయకపోవడం నేను చూశాను. మీ సర్వర్లలో అన్నిటికన్నా పాత జీలిబ్‌సీ ఎక్కడుందో ‘ఎల్‌డీడీ --వెర్షన్’తో చూసి, ఆ వ్యవస్థనే డాకర్ లాంటి కంటెయినర్‌లో (మీ యంత్రంలోనే వేరుగా నడిచే వాతావరణంలో) పెట్టుకుని అందులో కంపైల్ చేయండి. ఉదాహరణకు ఉబుంటు 20.04లో 2.31 ఉంటుంది. అక్కడ కొత్త జీసీసీ కావాల్సి వస్తే, సీ++ లైబ్రరీ బైనరీలోనే కలిసేలా ‘-స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++’ జోడించండి. బైనరీ తయారయ్యాక ‘ఆబ్జ్‌డంప్ -టీ’ (పెద్ద అక్షరం టీ) నడిపి అది అడుగుతున్న జీలిబ్‌సీ వెర్షన్లలో అతి పెద్దది ఎంతో చూసుకోండి. పంపించే ముందు ఈ ఒక్క పరీక్షను నేనెప్పుడూ వదలను.

ఆ తర్వాత కూడా ఆగితే, అన్నిటికన్నా పాత సర్వర్‌లో ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ చూపించే ఫ్లాగ్‌ల వరుస, జీడీబీలో ఆగిన చోటి ఇన్‌స్ట్రక్షన్ ఇక్కడ పెట్టండి. ఏ లైబ్రరీలో ఆగుతోందో చూసి చెబుతాను.