పాఠకుల ప్రశ్నలు - జవాబులు: కొండ మీది బడి కళాశాల అయిన తీరు

ప్రశ్న: భూటాన్‌లోని షెరుబ్‌త్సే కళాశాల మొదట పబ్లిక్ స్కూలుగా పుట్టిందనీ, దానిని క్రైస్తవ గురువులు నడిపారనీ ఒకచోట చదివాను. బౌద్ధ రాజ్యంలో, అదీ రాజధానికి అంత దూరాన, అటువంటి బడి ఎలా వెలిసింది? దాని పెరుగుదల ఎలా సాగింది? కాస్త వివరంగా తెలియజేయగలరు.
(బొబ్బిలి నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: మీరు చదివినది నిజమే. అయితే ఆ బడి కథ గురువులతో మొదలుకాలేదు, రోడ్డుతో మొదలైంది. 1958లో మన ప్రధాని నెహ్రూ భూటాన్ వెళ్ళినప్పుడు అక్కడికి మోటారు దారి లేదు. టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా గుర్రాల మీదా, జడల బర్రెల మీదా కనుమలు దాటి ఆయన పారో చేరుకున్నారు. అంతకు ముందు చదువు అంటే ఆ దేశంలో ప్రధానంగా బౌద్ధ మఠాలలో సాగే చదువే. మొదటి రాజు ఉగ్యెన్ వాంగ్‌చుక్ కాలంలో హా, బుమ్‌తాంగ్ ప్రాంతాలలో ఆధునిక పద్ధతి బడులు ఆరంభమైనా, అవి కొద్దిమందికే అందాయి. ఇంకా పై చదువు కావాలనుకున్న ఉన్నత కుటుంబాలవారు పిల్లలను కాలింపాంగ్‌కో డార్జిలింగ్‌కో పంపేవారు.

మూడవ రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ ఈ స్థితిని మార్చాలని సంకల్పించి, 1961లో భారతదేశ ఆర్థిక సహాయంతో మొదటి పంచవర్ష ప్రణాళికను ప్రారంభించారు. అదే సంవత్సరం మన సరిహద్దు రోడ్ల సంస్థ ‘దంతక్’ అనే పేరుతో భూటాన్‌లో పని మొదలుపెట్టింది. సిమెంటు, ఇనుము, పుస్తకాలు, ఉపాధ్యాయులు అన్నీ దిగువ మైదానం నుంచి రావలసినవే కనుక, రోడ్డు లేకుండా పెద్ద బడి అన్న ఆలోచనే సాధ్యం కాదు. తూర్పున అస్సాం సరిహద్దులోని సమ్‌ద్రుప్ జోంఖార్ నుంచి ట్రాషిగాంగ్ దాకా కొండలను తొలుస్తూ వేసిన దారి మీదనే, ట్రాషిగాంగ్‌కు కొంత దూరంలో దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న కాంగ్లుంగ్‌లో, ఆ తర్వాత షెరుబ్‌త్సే లేచింది. భవనాలు కట్టినది కూడా దంతక్ వారే.

ఇక మీరు అడిగిన క్రైస్తవ గురువుల విషయం. ఫాదర్ విలియం మ్యాకీ కెనడాలోని మాంట్రియల్‌లో 1915లో పుట్టిన, జెసూట్ అనే కాథలిక్ సంఘానికి చెందిన గురువు. విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాలను నడుపుతున్న సంఘమే ఆయనదీను. 1946 నుంచి డార్జిలింగ్ కొండలలో బోధిస్తూ వచ్చిన ఆయన 1963లో ఆ ప్రాంతం విడిచిపోవలసి వచ్చిన సమయంలోనే భూటాన్ రాజు నుంచి ఆహ్వానం అందింది. దేశంలో ఉన్నత పాఠశాల చదువును నిలబెట్టగల అనుభవజ్ఞుడు రాజుకు కావలసి వచ్చాడు, మ్యాకీ గారికి పని చేసుకోవడానికి చోటు కావలసి వచ్చింది. ఆ ఏడాదే ఆయన ట్రాషిగాంగ్ చేరి బోధన మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో భూటాన్ ప్రధాని జిగ్మే పాల్డెన్ దోర్జీ బెంగాల్ సరిహద్దు పట్టణమైన ఫుంత్‌షోలింగ్‌లో హత్యకు గురయ్యారు. ఆధునికీకరణకు వెన్నెముకలా నిలిచిన మనిషి అలా పోయాక, దూరాన ఉన్న ఒక బడి పని ఆగిపోయినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. అయినా రాజు పట్టు సడలలేదు. 1968లో కాంగ్లుంగ్‌లో షెరుబ్‌త్సే పబ్లిక్ స్కూలు తలుపులు తెరుచుకున్నాయి.

మత ప్రచారం చేయకూడదన్న నియమానికి లోబడే జెసూట్‌లు భూటాన్‌లో పని చేశారు. షెరుబ్‌త్సేను మిషన్ బడిగా ఎంచకూడదన్నది నా అభిప్రాయం. అది ప్రభుత్వ బడి, నడిపే అనుభవం మాత్రం గురువులది. పిల్లలు జాతీయ వేషధారణ అయిన ఘో, కీరాలతోనే తరగతులకు వచ్చేవారు, బౌద్ధ ప్రార్థనతోనే దినచర్య మొదలయ్యేది. మ్యాకీ గారి సేవకు 1973లో ఆ దేశం తన పెద్ద పురస్కారాలలో ఒకటైన ‘ద్రుక్ థుక్సే’ను ఇచ్చింది, తర్వాత పౌరసత్వం కూడా ఇచ్చింది. 1995లో థింఫులో చనిపోయేదాకా ఆయన ఆ దేశాన్ని విడిచి వెళ్ళలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది స్థలనిర్ణయం. రాజధానికి దగ్గరగా, అధికారుల పిల్లలకు అందుబాటులో ఈ బడిని కట్టి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. దానికి మారుగా, దేశంలోకెల్లా జనం ఎక్కువగా ఉన్నా ప్రభుత్వానికి బహుదూరమైన తూర్పు భాగంలో కట్టారు. తూర్పు, పడమరలను కలిపే రోడ్డు పూర్తికాని ఆ రోజుల్లో థింఫు నుంచి కాంగ్లుంగ్ వెళ్ళాలంటే ముందు ఫుంత్‌షోలింగ్‌కు దిగి, భారత భూభాగంలో బెంగాల్, అస్సాం దాటి, సమ్‌ద్రుప్ జోంఖార్ దగ్గర మళ్ళీ కొండ ఎక్కాలి. స్వదేశంలోని బడికి వెళ్ళడానికే పిల్లలు మరో దేశం మీదుగా రోజుల తరబడి ప్రయాణం చేసేవారన్నమాట. కానీ ఆ కష్టం వల్లనే పడమటి భాగం వారూ, తూర్పు వారూ, దక్షిణాది నేపాలీ భాషీయులూ ఒకే వసతిగృహంలో కలిసి పెరిగారు. దేశం తాను ఒకటన్న భావాన్ని అక్కడ నేర్చుకున్న తరం తర్వాత ప్రభుత్వ కార్యాలయాలను నింపింది. ఈ ఫలితం ఏ పాఠ్యప్రణాళికకూ సాధ్యం కానిది.

దీనికి మూల్యం లేకపోలేదు. తూర్పు పిల్లల ఇంటి భాష త్షాంగ్లా. దేశ భాష జోంఖా పడమటి భాగం నుంచి వచ్చినది, బోధన భాష ఇంగ్లీషు. అంటే ఇంట్లో మాట్లాడే భాష తప్ప మిగతా రెండూ ఆ పిల్లలకు కొత్తే. 1960ల తొలినాళ్ళలో భారతదేశం నుంచి వచ్చిన హిందీ పుస్తకాలతో బోధించి, ఆ తర్వాత ఇంగ్లీషుకు మారారు. పొలంలో చేతి సాయంగా ఉండే కొడుకును బడికి పంపడం ఆ కాలపు రైతు కుటుంబానికి నిజమైన నష్టం. బడి కోసం పిల్లలను ఎంపిక చేసే అధికారులు వస్తున్నారంటే దాచిపెట్టినవారూ ఉండేవారని ఆ తరం చెబుతుంది. మొక్కజొన్న రవ్వతో వండుకునే ఖరాంగ్, ఎండుమిరపకాయలు ప్రధాన ఆహారంగా ఉన్న ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు వసతిగృహం అన్నం, గంట కొట్టినప్పుడల్లా మారే దినచర్య కూడా కొత్త పాఠాలే.

ప్రశ్న: అది స్కూలు నుంచి కళాశాల ఎప్పుడయింది? డిగ్రీలు ఎవరు ఇచ్చేవారు?
(హైదరాబాదు నుంచి మరొక పాఠకుడు)

జవాబు: 1976లో షెరుబ్‌త్సేను జూనియర్ కళాశాలగా చేసి మొదట విజ్ఞానశాస్త్ర విభాగాన్నీ, ఆ తర్వాత 1978లో కళలు, వాణిజ్య విభాగాలనూ పెట్టారు. 1983లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పూర్తి డిగ్రీ కళాశాల అయింది. 1986లో తొలి పట్టభద్రులు బయటికి వచ్చారు. అంతదాకా డిగ్రీ చేయాలంటే దేశం దాటవలసిందే. కొత్తగా భవనం కట్టి పేరు పెట్టడం సులువు, కాని ఈ దేశం కింది తరగతులలో పిల్లలు పెరిగిన కొద్దీ పై తరగతులను కలుపుతూ పోయింది. డిగ్రీకి అర్హులైన విద్యార్థులు తయారయ్యాకే డిగ్రీ పెట్టింది. కింది తరగతులు క్రమంగా అక్కడి నుంచి తొలగిపోయి, ఇప్పుడు అది కేవలం కళాశాల.

డిగ్రీ పత్రం మీద ఢిల్లీ పేరు ఉన్నందున దానికి బయట విలువ దొరికింది. భారతదేశం నుంచీ, కెనడా నుంచీ అధ్యాపకులు వచ్చారు. సొంత ఉపాధ్యాయులను తయారుచేసుకునే ఏర్పాటు కూడా దీనికి సమాంతరంగానే సాగింది: 1968లో సమ్త్సెలోనూ, 1975లో పారోలోనూ శిక్షణ సంస్థలు వెలిశాయి. 2003లో భూటాన్ రాజవిశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు షెరుబ్‌త్సే దానిలో భాగమైంది. డిగ్రీ ఇచ్చే అధికారం అలా దేశం చేతికి వచ్చింది.

ప్రశ్న: అక్కడ చదివిన ప్రముఖుల పేరు ఒకటి చెప్పండి.
(అదే పాఠకుడు)

జవాబు: 2018 నుంచి 2023 దాకా భూటాన్ ప్రధానిగా ఉన్న డాక్టర్ లోటే త్షెరింగ్ షెరుబ్‌త్సే పూర్వ విద్యార్థి. వైద్యవిద్య కోసం మాత్రం ఆయన బంగ్లాదేశ్ వెళ్ళవలసి వచ్చింది, స్వదేశంలో అప్పటికి ఎం.బి.బి.ఎస్. చదివే వీలు లేదు.