మీరడిగారు, మేం చెప్తున్నాం: టోరెస్ గొడవ

ప్రశ్న: సార్, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో మా రూమ్‌మేట్ చెల్సీ ఫ్యాన్, నేను లివర్‌పూల్. మా దగ్గర్నుంచి వాళ్ళకి మారిన స్పెయిన్ స్ట్రైకర్ ఫెర్నాండో టోరెస్ పేరెత్తితే చాలు రూమ్‌లో రచ్చే. డబ్బుకి ఆశపడి పోయి చేజేతులా కెరీర్ పాడు చేసుకున్నాడని నేను, మాకు కప్పులొచ్చాయి కదరా అని వాడు. మీరే తేల్చాలి.
(ఇంజినీరింగ్ స్టూడెంట్, వరంగల్)

జవాబు: వాడు గెలిచాడని చెప్పలేనుగానీ నువ్వైతే ఓడిపోయావ్ తమ్ముడూ. చెల్సీకి వెళ్ళింది 2011 జనవరి 31న, 5 కోట్ల పౌండ్లకి, అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు రేటు. కానీ మోకాలు పోయింది అంతకుముందే, మీ దగ్గరున్నప్పుడే. 2010 ఏప్రిల్‌లో ఆపరేషన్ అయింది, ఆదరాబాదరాగా జూన్‌కల్లా వరల్డ్ కప్‌కి తయారైపోయాడు, అక్కడ ఒక్క గోల్ కూడా పడలేదు, ఫైనల్లో సబ్‌గా దిగి మళ్ళీ దెబ్బ తగిలించుకున్నాడు.

అసలు టోరెస్ ఆటంతా పరుగు తీసే ఆ మొదటి నాలుగైదు అడుగుల్లోనే ఉండేది. 2008 యూరో ఫైనల్ గోల్ ఇంకోసారి చూడు, వియన్నాలో జర్మనీ మీద, 33వ నిమిషం. సహచరుడు షావి పాస్ వేసేసరికి జర్మనీ డిఫెండర్ లామ్ ముందున్నాడు, బాల్ వాడిదే అనుకుంటాం, ఇతనేమో వెనక నుంచి వచ్చి పక్కగా దూసుకుపోయి కీపర్ లేమన్ మీదుగా మెల్లగా లేపేశాడు. 44 ఏళ్ళ తర్వాత స్పెయిన్‌కి పెద్ద కప్పు వచ్చిందంటే ఆ ఒక్క గోలే. అలాంటోడికి మోకాలు అర సెకను లేటుగా మాట వింటే ఇంకేముంది, బాల్ లామ్ కాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

ఇంకోటి కూడా ఉంది, మీ జెరార్డ్ బాల్ దొరగ్గానే డిఫెండర్ల వెనక ఖాళీలోకి వేసేవాడు, చెల్సీతో ఆడే టీములేమో ఎక్కువగా గోల్ ముందు గుంపుగా నిలబడేవి, ఇక పరిగెత్తడానికి చోటేది? లివర్‌పూల్‌కి 142 మ్యాచుల్లో 81 గోల్స్, చెల్సీకి 172 మ్యాచుల్లో 45. అక్కడ మొదటి గోల్‌కే 903 నిమిషాలు పట్టింది, అదీ వెస్ట్ హామ్ మీద వానలో, గ్రౌండ్ నీళ్ళల్లో బాల్ ఆగితే కొట్టింది. 2011 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కీపర్‌ని దాటేసి ఖాళీ గోల్ పక్కకి తన్నడం గోరుచుట్టు మీద రోకటిపోటు. అదే మ్యాచ్‌లో అంతకుముందు చక్కటి గోల్ కొట్టాడన్నది మాత్రం ఎవడికీ గుర్తుండదు!

ప్రశ్న: సార్, ఆ రూమ్‌మేట్‌ని నేనే, అదే కవర్లో పెడుతున్నా. బార్సిలోనా గ్రౌండ్ క్యాంప్ నౌలో టోరెస్ కొట్టిన గోల్ గురించి రాయండి, వీడు చదవాలి.

జవాబు: రాస్తా. 2012 ఏప్రిల్ 24, ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండో మ్యాచ్. మీ టెర్రీ రెడ్ కార్డుతో బయట, పది మందితో ఆడుతున్నారు, మెస్సీ పెనాల్టీ బార్‌కి తగిలింది, బార్సిలోనా వాళ్ళు మొత్తం మీ గోల్ ముందే ఉన్నారు. ద్రోగ్బా ప్లేస్‌లో వచ్చిన టోరెస్‌కి బాల్ దొరికింది, ఎదురుగా సగం గ్రౌండ్ ఖాళీ. అదిగో, ఖాళీ దొరికితే ఏం చేస్తాడో చూశావుగా, కీపర్ వాల్డెస్‌ని చుట్టేసి వేశాడు, 2-2. మొదటి మ్యాచ్ 1-0తో మీరే గెలిచారు, రెండూ కలిపి సమమైతే ఎదుటివాళ్ళ గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళదే గెలుపు అప్పట్లో, కాబట్టి ఆ గోల్ లేకపోయినా ఫైనల్‌కి వెళ్ళేవాళ్ళే, ఆ మాట కూడా మీ ఫ్రెండ్‌కి నిజాయితీగా చెప్పు. 2013 యూరోపా లీగ్ ఫైనల్లో బెన్‌ఫికా మీద కొట్టిన గోల్ మాత్రం నిజంగా పనికొచ్చింది, 2-1తో గెలిచారు.

ప్రశ్న: టోరెస్ తన పాత స్పెయిన్ క్లబ్ అట్లెటికో మాడ్రిడ్‌కే మళ్ళీ ఎందుకెళ్ళారండీ? పెద్ద క్లబ్బులు పిలవలేదా?
(పాఠకురాలు, గుంటూరు)

జవాబు: పుట్టిల్లు కదమ్మా. తాతగారు ఆ టీమ్ అభిమాని, ఇతను 11 ఏళ్ళకే అకాడమీలో చేరాడు. 2001లో మొదటి మ్యాచ్ ఆడేటప్పటికి టీమ్ రెండో డివిజన్లో ఉంది, 19 ఏళ్ళకే కెప్టెన్ చేశారు. మధ్యలో ఇటలీ క్లబ్ మిలాన్‌లో పది మ్యాచులకి ఒక్క గోల్, అక్కడ అచ్చిరాలేదు. 2015 జనవరిలో తిరిగొస్తే స్వాగతం చెప్పడానికే సుమారు 45 వేల మంది స్టేడియానికొచ్చారు. అట్లెటికోతో ఒక్క పెద్ద కప్పూ లేదన్న దిగులు 2018 మే 16న తీరింది, లియోన్‌లో యూరోపా లీగ్ ఫైనల్, మార్సెయ్ మీద 3-0. దిగింది ఆఖరి నిమిషంలోనే అనుకోండి, అయినా కెప్టెన్ గాబి పక్కన నిలబెట్టుకుని కప్పు ఇద్దరూ కలిసి ఎత్తారు. నాలుగు రోజులకి ఆఖరి మ్యాచ్, ఐబార్ మీద, 2-2 డ్రా, మన రెండు గోల్సూ ఇతనివే. (మన అనేశాను, ఏమనుకోకండి.)

ప్రశ్న: రిటైరయ్యాక ఏం చేస్తున్నాడు?
(కర్నూలు)

జవాబు: జపాన్‌లో సగాన్ తోసు అనే టీమ్‌కి ఆడి 2019 ఆగస్టులో ఆపేశాడు, ఆఖరి మ్యాచ్‌లో ఎదుటి టీమ్‌లో పాత స్పెయిన్ సహచరులు ఇనియెస్తా, వియ్యా ఉన్నారు, 6-1తో చితక్కొట్టారు పాపం. ఆ తర్వాత మళ్ళీ అట్లెటికో గడపే, కుర్రాళ్ళ టీమ్‌కి కోచ్‌గా చేసి, 2024లో రిజర్వ్ టీమ్ చేతిలోకి తీసుకున్నాడు.