ఒక్కరే ఉంటూ చిన్న జీతంలో నెల ఖర్చులు రాసుకోవడం ఎలా?

ఒక్కరే ఉంటున్నారు, జీతం అంతంతమాత్రం, మూడో వారం దాటేసరికి చేతులు ఖాళీ అవుతున్నాయన్నారు. ఖర్చులు రాయడానికి యాప్ మంచిదా, ఎక్సెల్ మంచిదా, నోట్‌బుక్ మంచిదా అని అడిగారు. నేనూ చాలాకాలంగా ఒక్కడినే ఉంటున్నాను, నాదీ పెద్ద జీతమేమీ కాదు. ఆ మూడూ వాడాను. వేటిలో రాస్తామన్నది నాకు అంత ముఖ్యం అనిపించలేదు. మళ్లీ జీతం పడేదాకా ఇంకా ఎంత ఖర్చుపెట్టొచ్చు? మీరు రాసే లెక్క చూడగానే దీనికి జవాబు దొరకాలి. పోయిన నెల దేనికెంత అయిందో చూపించే రంగురంగుల చార్టులు చూడ్డానికి బాగుంటాయి గానీ, ఈ పూట ఒకటి కొనాలా వద్దా అన్నప్పుడు పనికిరావు.

నేను నెలను ఒకటో తారీకుతో మొదలుపెట్టను. జీతం పడిన రోజు నుంచి మళ్లీ పడే రోజు దాకా ఒక నెల. జీతం పడగానే అద్దె, కరెంటు, ఫోన్, ఇంటర్నెట్, అప్పు కిస్తీ లాంటి తప్పనివన్నీ పక్కకు తీసేస్తాను. జీతం 100 అనుకోండి. తప్పనివి 60, ఏడాది ఖర్చుల వాటా 8, పొదుపు 6 పోతే చేతిలో మిగిలేది 26. దీన్ని నాలుగు వారాలకు పంచితే వారానికి 6.5 వస్తుంది. కానీ ఫిబ్రవరి తప్ప ఏ నెలా సరిగ్గా నాలుగు వారాలుండదు, పైన రెండు మూడు రోజులుంటాయి. జీతానికి ముందు టెన్షన్ పెట్టేవి ఆ రోజులే. అందుకే 26ను 31తో భాగించి 7తో గుణిస్తాను. వారానికి 5.9 దాకా వస్తుంది. నాకు గుర్తుండాల్సిన అంకె అదొక్కటే.

పైన ఏడాది ఖర్చుల వాటా అన్నాను కదా, అందరూ వదిలేసేది దాన్నే. ఇన్సూరెన్స్ ప్రీమియం, ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లు, పళ్ల డాక్టరు, చెప్పులు, ఫోన్ రిపేరు, దూరప్రయాణాలు. ఇవి నెలనెలా రావు కాబట్టి నెల లెక్కలో కనబడవు. 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఇలాంటివన్నీ ఏరండి, కూడి 12తో భాగించండి. వచ్చిన మొత్తాన్ని జీతం రోజే ఇంకో ఖాతాలోకి మార్చేయండి. ప్రతి నెలా ఏదో ఒక 'అనుకోని' ఖర్చు వస్తోందంటే, ఈ వాటా తీయట్లేదన్నమాట.

50/30/20 సూత్రం గురించి మీరూ వినే ఉంటారు. అమెరికాలో న్యాయశాస్త్ర ప్రొఫెసర్‌గా ఉండి తర్వాత సెనేటర్ అయిన ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా వారెన్ త్యాగి దీన్ని 2005లో ప్రచారంలోకి తెచ్చారు. పన్నులు పోగా వచ్చే ఆదాయంలో 50 శాతం అవసరాలకు, 30 కోరికలకు, 20 పొదుపుకు. ఒంటరిగా ఉండే చిన్న జీతగాడికి ఇది కుదరకపోతే బాధపడనక్కర్లేదు. కుటుంబాల ఆదాయాలు పోల్చడానికి వాడే సవరించిన ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలుండే ఆర్థిక సహకార సంస్థ) కొలమానంలో మొదటి పెద్ద మనిషికి 1, రెండో పెద్ద మనిషికి 0.5 లెక్క. అంటే ఇద్దరుంటే తలకు 0.75, ఒక్కరే ఉంటే పూర్తిగా 1. అదే స్థాయిలో బతకడానికి మనకు తలసరి మూడో వంతు ఎక్కువ కావాలి. అద్దె, ఇంటర్నెట్, ఫ్రిజ్ పంచుకునే మనిషి లేడు మరి.

ఇక రాయడం. వారం డబ్బులో మళ్లీ విభాగాలు పెట్టకండి. పదిహేను విభాగాలు పెట్టుకున్నవాళ్లు రెండో వారానికే విసిగిపోతారు. దేనిమీదైనా అనుమానముంటే ఆ ఒక్కదాన్నే ఒక నెల విడిగా రాసి చూడండి. కార్డుతో కొన్నది కొన్నరోజే రాయాలి, తర్వాత బిల్లు కట్టినప్పుడు మళ్లీ రాయకూడదు. ఏటీఎంలో తీసిన నగదును తీసినరోజే ఖర్చు కింద రాసేస్తే చిల్లర లెక్కల గొడవ తప్పుతుంది. సొంత ఖాతాల మధ్య మార్చింది ఖర్చు కాదు. స్నేహితుడికిచ్చిన చేబదులు మాత్రం నేను ఖర్చుగానే రాస్తాను, తిరిగొస్తే అదే లాభం! వారం చివర బ్యాంకు బ్యాలెన్స్‌తో కాస్త తేడా వస్తే 'తెలియని ఖర్చు' అని రాసి వదిలేయండి, రాత్రంతా వెతక్కండి.

ఎస్ఎంఎస్‌లు చదివి తనంతట తానే లెక్క రాసే యాప్ నాకు నచ్చలేదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, అదే వస్తువుకు నగదు ఇవ్వాల్సినవాళ్లకంటే క్రెడిట్ కార్డు వాడేవాళ్లు ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడ్డారు. నోటు చేతిలోంచి పోతుంటే కలిగే చురుకు కార్డుతో తగ్గుతుంది. లెక్క కూడా యాప్ రాసేస్తే ఆ కాస్తా పోతుంది. ఒక్కరే ఉన్నప్పుడు 'ఇదెందుకు కొన్నావు' అని అడిగేవాళ్లూ ఉండరు. అందుకే కొన్నచోటే నిలబడి ఫోన్ నోట్స్‌లో మొత్తం కొట్టి, వారంలో ఇంకెంత మిగిలిందో చూస్తాను.

ఒక వారం ఎక్కువైతే ఆ తేడాను తర్వాతి వారంలోంచి కోసేయండి, ఏడాది ఖాతా జోలికి వెళ్లొద్దు. ఒకవేళ మీ తప్పనివే 100లో 80 దాటుతుంటే ఎంత పద్ధతిగా రాసినా మూడో వారం గండం తీరదు. అప్పుడు చూడాల్సింది తక్కువ అద్దె గదో, రూమ్మేటో, పైసంపాదనో. మీ అద్దె, కిస్తీలు ఎంతో మీరు రాయలేదు కాబట్టి, ముందు వాటిని కూడి జీతంలో ఎంత శాతమో చూసుకోండి.