న్యాయ సలహా: మీ అమ్మగారి పెన్షన్ తగ్గింది ‘పైలట్ తప్పిదం’ వల్ల కాదు

ప్రశ్న: మా నాన్నగారు వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్. 2002 వేసవిలో, సరిహద్దుకు సేనలను తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ రోజుల్లో, పశ్చిమ సరిహద్దు దగ్గరి బేస్ నుంచి వెళ్లిన మిగ్-21 కూలి చనిపోయారు. అప్పుడు నాకు ఆరేళ్లు. ఎంక్వయిరీలో పైలట్ తప్పిదమని తేల్చారనీ, అందుకే అమ్మకు పూర్తి పెన్షన్ కాకుండా స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ మాత్రమే ఇచ్చారనీ బంధువులు అంటారు. ఇంజన్‌లోనే లోపం ఉందని అప్పటి టెక్నీషియన్ ఒకాయన ఈమధ్య వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. నాన్న లాగ్‌బుక్ ఒక బంధువు ఇంట్లో ఉంది. ఆయన చివరి ఉత్తరాన్ని లామినేట్ చేయించాను. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పడం టీవీలో చూసి అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎంక్వయిరీ రిపోర్టు జిరాక్స్ తెచ్చిస్తానని ఒకరు డబ్బు అడుగుతున్నారు. నేను కేసు వేసి నాన్నకు న్యాయం చేయించుకోగలనా?

జవాబు: మీరు చెప్పినదాంట్లో ఒక్క ఉత్తర్వు నంబరు గానీ, తేదీ గానీ లేదు. ‘పైలట్ తప్పిదం’ అన్న మాటను మీ ఇంట్లో ఎవరైనా కాగితం మీద చూశారా? లేక ఇరవై ఏళ్లకు పైగా ఒకరి నోట ఒకరు విన్నదేనా? ముందు అది తేల్చుకోండి. లేని ఉత్తర్వును రద్దు చేయమని ఏ కోర్టునూ అడగలేం.

ఇక అసలు విషయం. పెన్షన్ కేసును తేల్చేది ఇంజన్ తప్పా, పైలట్ తప్పా అన్నది కాదు. ఆ రోజు ఆ సార్టీని (విమానం ఒకసారి ఎగిరి వెళ్లడాన్ని) ఏ డ్యూటీ కింద రాశారు, మరణాన్ని బ్యాటిల్ క్యాజువాల్టీగా (యుద్ధం, ఆపరేషన్ వల్ల వచ్చినదిగా) నమోదు చేశారా, ఫిజికల్ క్యాజువాల్టీగానా (ఇతర కారణాల వల్ల వచ్చినదిగానా) అన్నదే తేలుస్తుంది.

రక్షణ శాఖ 2001 జనవరి 31న ఇచ్చిన పెన్షన్ ఉత్తర్వు మరణాలను ‘ఏ’ (A) నుంచి ‘ఈ’ (E) వరకు ఐదు కేటగిరీలు చేసింది. డ్యూటీలో జరిగే ప్రమాదాలు, విమాన ప్రయాణంలో ప్రమాదాలు, శిక్షణలో ప్రమాదాలు ‘సీ’ (C) కేటగిరీ. దానికి స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, అంటే లెక్కలోకి వచ్చే జీతంలో 60 శాతం. శత్రువు చర్య, సరిహద్దు ఘర్షణ, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ఆపరేషన్లు ‘ఈ’ (E) కేటగిరీ. దానికి లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే 100 శాతం. లెక్కలోకి వచ్చే జీతం 50,000 రూపాయలనుకుంటే మొదటిది 30,000, రెండోది 50,000. ఈ రెంటి మధ్య గీత గీసింది ఎవరి తప్పు అన్నది కాదు, ఏ పని మీద ఎగిరారు అన్నది. డ్యూటీలో పోయిన ప్రాణమని ఒప్పుకున్నారు కాబట్టే మీ అమ్మగారికి స్పెషల్ పెన్షన్ వస్తోంది. మిమ్మల్ని ఇన్నేళ్లూ బాధించిన మాటకూ, తగ్గిన 40 శాతానికీ సంబంధం లేదు.

క్యాజువాల్టీ మాట ఎంత బరువైనదో చూడండి. 2013 జనవరిలో కశ్మీర్‌లోని ఆపరేషన్ రక్షక్ కింద నియంత్రణ రేఖ దగ్గర గస్తీలో, విపరీతమైన చలిలో ఒక సైనికుడి గుండె ఆగింది. మొదట బ్యాటిల్ క్యాజువాల్టీ అని రాసి, తర్వాత ఫిజికల్ క్యాజువాల్టీగా మార్చారు. ఆయన భార్యకు లిబరలైజ్డ్ పెన్షన్ ఇవ్వాలని సాయుధ దళాల ట్రిబ్యునల్ చెబితే కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 డిసెంబరులో కోర్టు ఆ అప్పీలు కొట్టేసి, కేంద్రం మీద 50,000 రూపాయల ఖర్చులు కూడా వేసింది. మీ నాన్నగారి విషయంలో పరాక్రమ్ జరుగుతున్న కాలం కావడం ఒక్కటే చాలదు. ఆ సార్టీ ఆ ఆపరేషన్ కిందే నడిచిందని కాగితం చెప్పాలి.

ఆ కాగితాలు మూడు. మొదటిది ఫ్లైట్ ఆథరైజేషన్ బుక్. విమానం కదలకముందే డ్యూటీ ఏమిటో అందులో రాసి, అనుమతించిన అధికారీ, పైలటూ సంతకం పెడతారు. రెండోది ఫార్మ్ 700. ఆ విమానంలో అంతకుముందు వచ్చిన లోపాలు, చేసిన రిపేర్లు, విమానాన్ని స్వీకరిస్తూ పైలట్ పెట్టిన సంతకం అందులో ఉంటాయి. మూడోది మీ నాన్నగారి లాగ్‌బుక్.

ఆ లాగ్‌బుక్‌ను బంధువు ఇంట్లో వదిలేయడం పొరపాటు కాదు, నిర్లక్ష్యం. చివరి నెలల పేజీలు తీసి చూడండి. తేదీ, విమానం నంబరు, డ్యూటీ, గంటలు వరసగా ఉంటాయి. ఆ వారాల్లో ఓఆర్‌పీ డ్యూటీ (పిలుపు రాగానే ఎగరడానికి సిద్ధంగా ఉండే డ్యూటీ), ఎయిర్ డిఫెన్స్ సార్టీలు కనబడితే బేస్ అప్పుడు యుద్ధ సన్నద్ధతలో ఉందనడానికి అది మీ చేతిలో ఉన్న ఏకైక అసలు సాక్ష్యం. ఈ వారమే తెచ్చుకోండి. ప్రతి పేజీ స్కాన్ చేయించండి. అసలు పుస్తకాన్ని లాయరుకు కూడా రశీదు లేకుండా ఇవ్వకండి. ఇక ముందు దేన్నీ లామినేట్ చేయించకండి. సిరా, కాగితం పరీక్షించాల్సి వస్తే ఆ ప్లాస్టిక్ పొరే అడ్డం పడుతుంది.

జిరాక్స్ బేరం గురించి గట్టిగా చెబుతున్నాను, ఒక్క రూపాయి ఇవ్వకండి. అధికారిక రహస్యాల చట్టం, 1923లోని సెక్షన్ 5 కాగితం బయటపెట్టినవాడికే కాదు, రహస్యమని తెలిసీ తీసుకున్నవారికి కూడా వర్తిస్తుంది. మూడేళ్ల దాకా జైలు. అధికారికి డబ్బు చేరితే లంచం ఇచ్చిన నేరం అదనం. రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు కేసులో 2019లో సుప్రీంకోర్టు బయటికి పొక్కిన పత్రాలను చూసింది కదా అని ఎవరైనా ధైర్యం చెబుతారు. అవి అప్పటికే పత్రికల్లో అచ్చయినవి. మీది డబ్బిచ్చి చీకట్లో కొనే జిరాక్స్. అది అసలుదో కాదో నిరూపించాల్సిందీ మీరే. పైగా మీకు సాయం చేయాలనుకుంటున్న ఆ టెక్నీషియన్ మీదే మొదటి అనుమానం పడుతుంది.

దొడ్డిదారి అక్కర్లేదు, చట్టమే ఒక తలుపు తెరిచింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) ప్రకారం 20 ఏళ్లు దాటిన సంఘటన సమాచారాన్ని చాలా మినహాయింపుల పేరుతో ఆపలేరు. దేశ భద్రత మినహాయింపు మాత్రం మిగిలే ఉంటుంది. అందుకే సెక్షన్ 10 కింద, భద్రతకు సంబంధించిన భాగం కొట్టేసి మిగతాది ఇవ్వమని దరఖాస్తులోనే రాయండి. వాయుసేన ప్రధాన కార్యాలయం ప్రజా సమాచార అధికారికి 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో పంపండి. ‘మా నాన్నను ఎందుకు నిందించారు’ అని అడిగితే జవాబు రాదు, ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డే గానీ సంజాయిషీ కాదు. ఇలా అడగండి: క్యాజువాల్టీ నమోదు ఉత్తర్వు నకలు, ఆ తేదీ ఆథరైజేషన్ పేజీ, ఫార్మ్ 700 చివరి 30 రోజుల పేజీలు, ఎంక్వయిరీ తేల్చిన అంశాలు, ఆపరేషన్ నోటిఫికేషన్. రికార్డు ధ్వంసమైందంటే, ధ్వంసం చేసిన ఉత్తర్వు నకలు ఇవ్వమనండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది చాలకున్నా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

కేసు మీరు వేయలేరు. పెన్షన్ హక్కు మీ అమ్మగారిది, దరఖాస్తుదారు ఆవిడే. మరణాన్ని ‘ఈ’ (E) కేటగిరీ కింద మార్చి పెన్షన్ సవరించమని ఆవిడ సంతకంతో వాయుసేన ప్రధాన కార్యాలయానికి ఒకే ఒక్క వినతి, రిజిస్ట్రేషన్ సౌకర్యంతో స్పీడ్ పోస్టులో పంపండి. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకలు జతచేయండి. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆరు నెలల్లో, లేదా ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఆ తర్వాతి ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. తెలుగువారికి చెన్నై బెంచి. ఆలస్యాన్ని మన్నించమని విడిగా పిటిషన్ పెట్టాలి. జవాబు రాలేదని ఏటా వినతులు పంపుతూ కూర్చుంటే గడువు పెరగదు, ఆ సంగతి సుప్రీంకోర్టు 2008లోనే సీ. జాకబ్ కేసులో తేల్చింది.

ఇన్నేళ్ల ఆలస్యం వల్ల మొత్తం పోయిందా? పోలేదు. పెన్షన్ తక్కువ ఇవ్వడం నెలనెలా కొత్తగా జరిగే అన్యాయం. 2008 నాటి సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం హక్కు బతికే ఉంటుంది, బకాయిలు మాత్రం కేసు వేసిన నాటికి వెనక మూడేళ్లవే వస్తాయి. అంటే మీరు ఆలోచిస్తూ గడిపే ప్రతి నెలా ఒక నెల బకాయి చేజారుతోంది. నష్టపరిహారం దావా సంగతి వేరు. ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద గడువు రెండేళ్లే. మీకు పద్దెనిమిది నిండాక లెక్కేసినా 2016తో ముగిసింది. దాని మీద ఫీజు పోయకండి.

నాన్నగారి పేరు గురించి. మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని తెలుసు, అందుకే దీన్ని పెన్షన్ పిటిషన్‌లో కలపవద్దంటున్నాను. కలిపితే కేటగిరీ అనే చిన్న ప్రశ్న ఇంజన్ నిపుణుల వాదంలో మునిగి, రెండూ ఏళ్లకు ఏళ్లు నానుతాయి. ఎంక్వయిరీ రికార్డు చేతికొచ్చి, అందులో తప్పిదమని నిజంగా రాసి ఉంటే, ఆ వాక్యం తొలగించమని వేరే దరఖాస్తు వేద్దాం. పరువు దెబ్బతినే వ్యక్తికి విచారణ పొడవునా హాజరై సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలని వైమానిక దళ నియమాలు చెబుతాయి. చనిపోయిన మనిషికి ఆ అవకాశం ఉండదు. అలాంటప్పుడు ఏ సాంకేతిక ఆధారంతో ఆయన మీద తప్పు మోపారన్నదే మన వాదన.

టెక్నీషియన్ వాయిస్ మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయకండి, ఆ ఫోన్‌ను మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తుతో) సర్టిఫికెట్ కావాలి. దానికన్నా విలువైనది ఆయన అఫిడవిట్. ‘ఇంజన్ పాడైందని అందరూ అనుకున్నారు’ అంటే పనికిరాదు. ఏ తేదీన, ఏ విమానంలో, ఏ లోపాన్ని తన కళ్లతో చూశారు, ఫార్మ్ 700లో ఎవరు రాశారు, అంతవరకే చెప్పాలి. ఆయన పెద్దవారు, ఆరోగ్యం బాగున్నప్పుడే నోటరీ దగ్గర చేయించండి.

పీపీఓ, లాగ్‌బుక్ చివరి ఆరు నెలల పేజీలు, సంతాప లేఖ, ఎక్స్‌గ్రేషియా మంజూరు ఉత్తర్వు పట్టుకుని, అమ్మగారిని వెంటబెట్టుకుని ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. పీపీఓ కనబడకపోతే దాని నకలు కోసం అక్కడే దరఖాస్తు రాయించుకోవచ్చు.