నువ్వు లేని నెలలో కూడా నడవాలి

చి.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఊరి ఆడవాళ్ల పొదుపు సంఘంలో డబ్బు అందరి ముందే లెక్కపెట్టి, మీటింగ్ ముగిసేలోపే పాస్‌ పుస్తకాల్లో రాయిస్తున్నారని విని చాలా సంతోషపడ్డాను. ఇదే పద్ధతి మండలమంతా పెట్టించమని, సంఘాలన్నిటినీ కలిపే సమాఖ్య వాళ్లు నీకు అప్పజెప్పారట. తొందరపడి ఊరూరికీ సర్క్యులర్ పంపొద్దు తల్లీ.

ముందు మీ ఊరి సంగతి చూసుకో. ఒక నెల మీటింగుకు కావాలనే పోవద్దు. తర్వాత వెళ్లి, చదువు రాని ఒకామెను పక్కన కూర్చోబెట్టుకుని, పొదుపు ఎంతుంది, అప్పు ఎంత మిగిలింది అని అడుగు. ఆమె చెప్పిందీ పుస్తకంలో ఉన్నదీ ఒకటైతే పద్ధతి కుదురుకున్నట్టే. రిజిస్టర్లో సంతకాలన్నీ ఉన్నాయని మాత్రం నమ్మొద్దు.

మన నెల్లూరు జిల్లాలో కోవూరు, బుచ్చి పక్క నాట్లప్పుడూ కోతలప్పుడూ ఏమవుతుందో నీకు తెలుసు. కూలికి పోయినోళ్లు మధ్యాహ్నం రాలేరు. "ఈసారికి డబ్బులు పంపిస్తాం, లీడరే రాసుకుంటుందిలే" అంటారు. అలా రెండుసార్లు జరిగితే పుస్తకాలు మళ్లీ లీడరు ఇంటి బీరువాలోకి చేరతాయి. రాత్రి అన్నాలయ్యాక పెట్టుకోండి, పావుగంటలో ముగించండి, అంతేగానీ మీటింగు ఎత్తేయొద్దు. లీడరు మారేటప్పుడు కూడా, కొత్తామె రెండు మీటింగుల్లో పాతామె పక్కన కూర్చుని తన చేత్తో లెక్క రాశాకే పుస్తకాలు అప్పగించండి.

మన జిల్లాలోనే చూడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో దాన్ని సడలించారు. ఆ సారా పోరాటం ఊపులోనే రోజుకో రూపాయితో మొదలైన పొదుపును మాత్రం ఆడవాళ్లు ఈనాటికీ వదల్లేదు. అది వాళ్ల చేతుల్లో పని కాబట్టే నిలిచిందని నా నమ్మకం.

అందుకే పక్క ఊరి లీడర్లకు ట్రైనింగ్ ఇవ్వడం కంటే, అక్కడి మామూలు సభ్యుల్ని ఇద్దర్ని మీ మీటింగుకు రప్పించు. కళ్లారా చూసినామె వెళ్లి చెబితే ఊళ్లో వింటారు. ఏ రోజు కూర్చోవాలి, ఎవరి అరుగు మీద కూర్చోవాలి అన్నది వాళ్ల ఇష్టానికే వదిలెయ్. అందరి ముందు లెక్క, అక్కడికక్కడే రాత, ఈ రెంటి దగ్గర మాత్రం పట్టు సడలించొద్దు.

ఒప్పుకోని ఊళ్లతో ఇప్పుడే వాదన పెట్టుకోకు. తమంతట తాము అడిగిన ఊరు ఒక్కటున్నా దానితోనే మొదలుపెట్టు. ఏ ఊరో ఫోన్ చేసి చెప్పు, మొదటి మీటింగుకు నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ