ఆగిన ఓడను రాస్తున్న తమ్ముడికి

కడప

తమ్ముడూ,

నీ కథ చదివాను. 2020లో కరోనా వేళ ఫిలిప్పీన్స్‌లోని మనీలా అఖాతంలో లంగరు వేసిన విహారనౌక, అందులో లాండ్రీ పని చేసే మీ మేనమామ, రాజంపేటలో ఎదురుచూసే అత్త. మన వైపు కువైట్ కథలు చాలానే వచ్చాయి. ఓడ మీద పనికి వెళ్లినవాడి కథ మాత్రం నా కంట పడలేదు. అందుకే దీన్ని ఇలా వదిలేయడం నాకు ఇష్టం లేదు.

నీ ఓడ మొదటి పేజీ నుంచీ నిద్రలోనే ఉంది. అన్నీ ఆరిన దీపాలే. కానీ ఆగిన ఓడలోనూ జనరేటర్ నడుస్తూ ఉండాలి, లేకపోతే ఏసీ ఆగి పరుపులూ తివాచీలూ బూజు పడతాయి. మనిషి లేని వందల గదుల్లోకి ఎవరో ఒకరు వరుసగా వెళ్లి కుళాయిలు విప్పి నీళ్లు వదలాలి. గొట్టాల్లో నిలిచిన నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరిగి న్యుమోనియా తెస్తుంది. ఊపిరితిత్తుల జబ్బుకు భయపడి ఖాళీ చేసిన ఓడలో, ఇంకో ఊపిరితిత్తుల జబ్బు రాకుండా ఒక మనిషి గదిగదికీ తిరుగుతున్నాడు! దీని మీద నాలుగు పేజీలు రాయి. 'ఒంటరితనం' అన్న మాట నీకు ఇక అవసరం పడదు.

అసలు ఆ ఓడ ఒంటరిది కూడా కాదు. ఆ మే నెలలో అక్కడ ఇరవైకి పైగా విహారనౌకలు నిలిచి ఉన్నాయి. అంతకు ముందు ఫిబ్రవరిలో, జపాన్‌లోని యోకోహామా రేవులో ఆగిన విహారనౌక డైమండ్ ప్రిన్సెస్‌లో 3,711 మంది ఉంటే 700 మందికి పైగా వైరస్ సోకింది. ఆ తర్వాత విహారనౌక అంటేనే రేవులు జంకాయి. ప్రయాణికులు ఎలాగో ఇళ్లకు చేరారు, సిబ్బంది మిగిలిపోయారు. కింది డెక్కుల్లో ఇరుకు గదుల్లో ఉండేవారిని చాలా ఓడల్లో విడివిడిగా ప్రయాణికుల గదుల్లోకి మార్చారు. ఇది మామకూ జరిగిందా? జరిగి ఉంటే, ఇన్నాళ్లూ తాను ఉతికిన దుప్పటి మీద ఆయన మొదటిసారి పడుకున్న రాత్రి నీ కథలో ఎందుకు లేదు?

ఇక రాజంపేట. మామ ఫొటో చూసి అత్త ఏడ్చిందని రాశావు. ఏడ్చే ఉంటుంది, కాదనను. అయితే ఓడలో జీతం ఆగిన నెల ఆ ఇంట్లో మొదట దేనికి డబ్బు లేకపోయింది? చీటీకా, బ్యాంకులో పెట్టిన బంగారం వడ్డీకా, ఏజెంటుకు కట్టేందుకు తెచ్చిన అప్పుకా? "ఈతకొలనున్న ఓడలో ఉన్నాడు, ఆయనకేం" అని వీధిలో ఎవరూ అనలేదా? అంటే అత్త ఏమని బదులిచ్చింది?

ఇవన్నీ ఊహించి రాయకు. వెళ్లి అడుగు. ముందు అత్తను అడుగు, ఆ సమయంలో మామ ఇంట్లో లేకుండా చూసుకో.

ప్రేమతో,
అన్న