వెనక కమాన్ కట్టలు: ఒక పక్కే మారిస్తే చాలా?

పాత పికప్ ఖాళీగా ఉన్నా వెనక ఎడమ పక్కకు వాలుతోందని, ఆ వైపు కమాన్ కట్టలో (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో) ఒక పట్టీ విరిగిందని, అదొక్కటే మారిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. రెండు వైపులా కట్టలు కలిపే మార్చండి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క అలిసిపోయినది ఉంటే బండి ఈసారి అటు వాలుతుంది, అంతే తేడా.

అసలు తలనొప్పి కట్ట ముందు చివరి బోల్టు దగ్గర. తుప్పు పట్టి బుష్ (కట్ట చివర ఉండే రబ్బరు తొడుగు) లోపలి గొట్టానికి అతుక్కుపోతుంది. నట్టు ఊడినా బోల్టు గొట్టంతో కలిసి గిరగిరా తిరుగుతుందే తప్ప బయటికి రాదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. అయినా కదలకపోతే సుత్తితో కుస్తీ పట్టే బదులు కోసేయండి, ఎలాగూ కొత్తదే వేస్తారుగా.

ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్‌ను జాకీతో ఆపండి. బ్రేక్ హోస్ సాగకూడదు. పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చున్నాకే, కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించండి, అవి కూడా కొత్తవే. షాకిల్ (కట్ట వెనక చివరను ఛాసిస్‌కు కలిపే కదిలే లింకు), ముందు చివరి బోల్టుల ఆఖరి బిగింపు మాత్రం చక్రాలు నేలకు ఆనాకే. గాల్లో బిగిస్తే బండి దించగానే బుష్ రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మరోసారి చూసుకోండి.